తాష్కెంట్ చోర్సు బజార్‌ని లోకల్ గైడ్‌తో కలిసి ఎలా చూడాలి

ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్‌లో ఉన్న పెద్ద పాత బజార్ చోర్సు. బజార్‌కి గైడ్ ఎందుకండీ, నడుచుకుంటూ పోతే సరిపోదా అని చాలామంది అడుగుతుంటారు. మొదటిసారి నేనూ అలాగే ఒక్కడినే వెళ్ళా. రెండు గంటలు తిరిగా, ఫోన్ నిండా ఫోటోలు, సంచిలో కిలో బాదం, అంతే. ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు. రెండోసారి అక్కడి అమ్మాయి ఒకరు గైడ్‌గా వస్తే, మొదటిసారి నేను ఫోటో తీసుకుని వెళ్ళిపోయిన రొట్టెల ఆవిడే నన్ను స్టూల్ మీద కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు కబుర్లు చెప్పింది. దారి ఎలాగూ ఫోన్ చూపిస్తుంది, గైడ్‌ని తీసుకెళ్ళేది మాట కోసం. ఇది మనసులో పెట్టుకుని ప్లాన్ చేసుకుంటే మిగతాదంతా దానంతటదే కుదురుతుంది.

ముందు గైడ్ సంగతి

బయల్దేరే ముందు రోజే మాట్లాడుకోండి, బజార్ గేటు దగ్గర దొరికే వాళ్ళతో వద్దు. ఇంగ్లిష్ వచ్చిన గైడ్లు చాలామంది ఉన్నారు, కానీ హిందీ వచ్చినవాళ్ళు దొరుకుతారేమో కూడా అడగండి. తాష్కెంట్‌లో హిందీ నేర్చుకునే వాళ్ళు ఎప్పటి నుంచో ఉన్నారు, లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు మీద భారతీయ సాంస్కృతిక కేంద్రం కూడా ఉంది అక్కడ (ఆయన కన్నుమూసింది ఆ ఊళ్ళోనే కదా, 1966 జనవరి 11న). మీ వాళ్ళ పిల్లలెవరైనా అక్కడ ఎంబీబీఎస్ చదువుతుంటే వాళ్ళని అడిగినా మంచి మనిషిని చూపిస్తారు, వాళ్ళ క్లాస్‌మేట్స్‌లోనో ఇంటి ఓనర్ బంధువుల్లోనో ఎవరో ఒకరు ఉంటారు.

మాట్లాడుకునేటప్పుడు మూడు విషయాలు తేల్చుకోండి. ఎన్ని గంటలు (మూడు గంటలు చాలు, అంతకంటే ఎక్కువైతే కాళ్ళు మొరాయిస్తాయి), ఎంత డబ్బు, అందులో తిండి ఖర్చు ఎవరిది. ఇంకోటి, కాస్త ఇబ్బందిగా ఉన్నా మొహమాటపడకుండా చెప్పేయాలి: "నాకు కార్పెట్ షోరూమ్‌లు వద్దు, కొనేది ఉంటే నేనే అడుగుతాను." ఇంకో ఊళ్ళో ఒక గైడ్ నన్ను మూడు గంటల్లో గంటన్నర ఒకే షాపులో కూర్చోబెట్టాడు, టీ మీద టీ, దుప్పటి మీద దుప్పటి. తర్వాత తెలిసింది అక్కడ అతనికి కమిషన్ ఉందని. అప్పట్నుంచి ముందే చెప్పేస్తున్నా, ఎవరూ ఏమీ అనుకోలేదు.

అసలైన పని ఇంకోటుంది. మీరు ఏం చూడాలనుకుంటున్నారో కాదు, ఎవరితో మాట్లాడాలనుకుంటున్నారో చెప్పండి. నేను "రొట్టెలు కాల్చేవాళ్ళు, మసాలాలు అమ్మే ఒక పెద్దాయన, ఊయలలు చేసేవాళ్ళు" అని చెప్పా. ఆ అమ్మాయి నవ్వి, మా అమ్మ పాతికేళ్ళుగా ఒకావిడ దగ్గరే పెరుగు కొంటుంది, ముందు ఆవిడ దగ్గరికి పోదాం అంది. గైడ్ ఇంట్లోవాళ్ళు ఎక్కడ కొంటారో ఆ కొట్టు నుంచి మొదలుపెట్టించండి, అంతకు మించిన టూర్ ప్లాన్ ఉండదు.

నాలుగు మాటలు నేర్చుకుని వెళ్ళండి

ఇది వింటే ఆశ్చర్యపోతారు, మీకు ఆల్రెడీ సగం వచ్చు. మన బజారు అక్కడి ఉజ్బెక్ భాషలో బోజోర్. బాదం బోదోమ్, చాయ్ చోయ్, నాన్ నోన్, ప్యాజ్ పియోజ్, దుకాణం దూకోన్, తరాజు తరోజి. పార్సీ నుంచి మనకి ఉర్దూ మీదుగా వచ్చిన మాటలే వాళ్ళకీ వెళ్ళాయి, మన "ఆ" దగ్గర వాళ్ళు "ఓ" అంటారు, అంతే తేడా. పిస్తా పిస్తానే, కిస్మిస్ కిష్మిష్, జీరా జిరా. చోర్సు అనే పేరు కూడా చూడండి, చార్మినార్‌లో ఉన్న చారే ఆ చోర్. నాలుగు వైపులు, అంటే నాలుగు దారులు కలిసే చోటు అని.

రెండు మూడు చోట్ల మాత్రం జాగ్రత్త. సబ్జి అంటే అక్కడ కూరగాయలు కాదు, క్యారెట్. కిమ్మత్ అంటే మనకి ధర, వాళ్ళకి "ఖరీదెక్కువ" అని, కాబట్టి ఎంత అని అడగబోయి కిమ్మత్ అన్నారంటే ధర చెప్పకముందే ఎక్కువంటున్నాడేంటి అనుకుంటారు. ధర అడగాలంటే "నేచ పుల్?" అనండి. చవక అంటే అర్జోన్. ఇంకోటి, అక్క. ఆడమనిషిని ప్రేమగా అక్కా అని పిలిచేస్తాం కదా, అక్కడ అకా అంటే అన్నయ్య. అక్కని ఓపా అనాలి. వయసులో పెద్దావిడైతే హోలా, అంటే పిన్ని లాగా. వరసపెట్టి పిలిస్తే మొహం విప్పారడం మన దగ్గర ఎలాగో అక్కడా అంతే.

కలవగానే కుడి చెయ్యి గుండె మీద పెట్టుకుని "అస్సలోము అలైకుమ్", వచ్చేటప్పుడు "రహ్మత్", అంటే థాంక్స్. ఈ రెండూ గైడ్‌తో చెప్పించకుండా మీరే చెప్పండి.

డబ్బు లెక్క

అక్కడి డబ్బు సోమ్. డాలర్‌కి సుమారు పన్నెండు వేల సోమ్‌లు, వెళ్ళే ముందు ఆ రోజు రేటు చూసుకోండి. నోట్ల మీద సున్నాలు చూసి కంగారు పడొద్దు. వెయ్యిని వాళ్ళు మింగ్ అంటారు, బేరంలో ఆ మింగ్‌ని చాలాసార్లు మింగేస్తారు. ఓన్ బెష్ అంటే పదిహేను, అంటే పదిహేను వేలు అన్నమాట. మొదట్లో తికమక పడితే కాల్‌క్యులేటర్‌లో కొట్టి చూపించమనండి, ప్రతి కొట్లో ఉంటుంది. చిన్న నోట్లు, అయిదు వేలవీ పది వేలవీ దగ్గర పెట్టుకోండి, మిగతా డబ్బు లోపలి జేబులో. రష్ ఎక్కువ ఉంటుంది కాబట్టి బ్యాగ్ ముందుకి వేసుకోండి.

ఎప్పుడు, ఎలా వెళ్ళాలి

పొద్దున్నే. ఎనిమిదింటికల్లా అక్కడుంటే కొట్లవాళ్ళకి మాట్లాడే తీరిక ఉంటుంది, పదకొండు దాటితే జనం, వాళ్ళ వ్యాపారం వాళ్ళది. ఏ రోజు ఏ భాగం మూసి ఉంటుందో గైడ్‌ని ముందే అడగండి. మెట్రోలో వెళ్ళండి, చోర్సు అనే స్టేషనే ఉంది, 1989లో మొదలైంది, మెట్లెక్కి బయటికొస్తే బజారే. తాష్కెంట్ మెట్రో 1977 నాటిది, సెంట్రల్ ఆసియాలో మొదటిది. ఒకప్పుడు స్టేషన్లలో ఫోటోలు తీయనిచ్చేవారు కాదు, 2018 నుంచి తీసుకోవచ్చు, కాబట్టి దారిలో ఒకట్రెండు స్టేషన్లలో దిగి చూడండి.

వీసా ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, ఇది మాత్రం చివరి నిమిషానికి పెట్టుకోకండి.

ఏ నెలలో వెళ్తారనేదాన్ని బట్టి బజారే మారిపోతుంది. మే, జూన్‌లో చెర్రీలు, ఆప్రికాట్లు, ఎండాకాలం చివర్లో పుచ్చకాయలు, ఖర్బూజాలు గుట్టలు గుట్టలు, అక్టోబర్ నుంచి దానిమ్మలు. మార్చి 21కి నవ్‌రూజ్ పండగ, ఆ చుట్టుపక్కల వెళ్తే సుమలక్ దొరుకుతుంది, గోధుమ మొలకల్ని రాత్రంతా ఆడవాళ్ళు వంతులేసుకుని కలుపుతూ ఉడికించేది. చక్కెర వెయ్యకుండానే తియ్యగా ఉంటుంది.

గుమ్మటం లోపల

పెద్ద నీలిరంగు గుమ్మటం దూరం నుంచే కనిపిస్తుంది. లోపలికి వెళ్ళగానే కింద అంతస్తులో మాంసం, పాలు పెరుగు, పచ్చళ్ళు, చుట్టూ బాల్కనీలా ఉన్న పై అంతస్తులో ఎండు పళ్ళు, పప్పులు. నా మాట విని ముందు నేరుగా పైకెక్కండి. అక్కణ్ణుంచి కిందికి చూస్తే బజార్ మొత్తం పెద్ద పళ్ళెంలో పెట్టినట్టు ఉంటుంది, ఏది ఎక్కడుందో గైడ్ చేత్తో చూపించి చెప్తే తర్వాత తప్పిపోరు.

పైన ఉన్నప్పుడే కిస్మిస్ దగ్గర కాసేపు ఆగండి. ఎండలో ఎండబెట్టింది ఒకటి, నీడలో ఎండబెట్టింది ఇంకోటి. నీడది ఆకుపచ్చగా ఉంటుంది, దాన్ని సోయాకి అంటారు, సోయా అంటే నీడ, మన ఛాయ లాంటి మాట. రెండూ పక్కపక్కన పెట్టించుకుని తిని చూడండి. ఆప్రికాట్లు కొనేటప్పుడు మెరిసిపోయే నారింజ రంగు చూసి మోసపోవద్దు, గంధకం పొగ పట్టిస్తేనే ఆ మెరుపు వస్తుంది, గోధుమరంగులో ముడతలుపడి ఉన్నవే రుచి. ఆప్రికాట్ గింజల్ని ఉప్పు వేసి బూడిదలో వేయించి అమ్ముతారు, పైపెంకు తెల్లగా పగిలి ఉంటుంది, గోరు పెట్టి తీస్తే లోపల బాదంపప్పులా ఉంటుంది. ఒక పెద్దాయన వాటిని ఎలా వేయిస్తారో నాకు చేతులతో అభినయించి చూపించాడు, గైడ్ అనువాదం చేసేలోపే నాకు అర్థమైపోయింది.

రుచి చూడమని అందరూ పిలుస్తారు. తినొచ్చు, తిన్నంత మాత్రాన కొనాలని లేదు. కానీ ప్రతి కొట్టు దగ్గరా గుప్పెడు తినేసి వెళ్ళడం బాగుండదు, ఒకటి నోట్లో వేసుకుని రహ్మత్ చెప్పి కదలండి. నవ్వోత్ చూస్తే ఇంటికొచ్చినట్టే ఉంటుంది, అచ్చం మన పటికబెల్లం, దారానికి పట్టిన పెద్ద పెద్ద స్ఫటికాలు.

కిందికి దిగాక కురుత్ అడగండి, ఉప్పు వేసి ఎండబెట్టిన పెరుగు ఉండలు. చల్ల మిరపకాయల్లో కారం తీసేసి పులుపు, ఉప్పు మాత్రం మిగిల్చినట్టు ఉంటుంది, నోట్లో వేసుకోగానే దవడలు జివ్వుమంటాయి. అది గట్టిగా ఉంటుంది, కొరక్కుండా చప్పరించండి. మాంసం వరసల్లో గుర్రం మాంసం, దానితో చేసిన కజీ అనే సాసేజ్ కూడా ఉంటాయి, ముందే తెలిస్తే మంచిది.

కొరియన్ సలాడ్ల కొట్లు చూసి ఇక్కడ కొరియా వాళ్ళేంటి అనిపిస్తుంది. 1937లో స్టాలిన్ ప్రభుత్వం సోవియట్ తూర్పు చివర ఉన్న కొరియన్లని, లక్షా డెబ్బై వేల మందికి పైగా, రైళ్ళలో ఎక్కించి ఇక్కడికీ కజకిస్తాన్‌కీ పంపేసింది. కిమ్చీకి కావాల్సిన క్యాబేజీ దొరక్కపోతే దొరికిన క్యారెట్‌నే సన్నగా తరిగి వెల్లుల్లి, ధనియాలు, కారం, వెనిగర్ పట్టించి తిన్నారట, అదే ఇప్పుడు ఊరంతా తినే మోర్కోవ్‌చా. కారం కోసం మొహం వాచిపోయే మన నోటికి అది ప్రాణం పోస్తుంది, పావుకిలో కొనుక్కోండి. ఆ కొట్టు దగ్గర గైడ్‌ని వాళ్ళ తాతలది ఏ ఊరో అడగమనండి, మర్యాదగా, తొందరపెట్టకుండా. చెప్తే వినండి, చెప్పకపోతే వదిలేయండి.

ఫోటోలకి కూడా ఇదే పద్ధతి. ఫోన్ చూపించి "ముమ్కిన్‌మి?" అంటే చాలు, ముమ్కిన్ అంటే మనకి తెలిసిన ముమ్కినే. ముందు మాట, తర్వాత కొనడం, ఫోటో అన్నిటికంటే చివర. ఈ వరసలో వెళ్తే మొహంలో నవ్వు ఉన్న ఫోటో వస్తుంది.

మసాలాల దగ్గర ఒక హెచ్చరిక

జిరా తప్పకుండా కొనండి, సన్నగా నల్లగా మన షాజీరాకి దగ్గరగా ఉంటుంది, అరచేతిలో నలిపితే వాసన ఇంకాసేపు చేతికే ఉంటుంది, బిర్యానీలో వెయ్యండి. పులావ్‌లో వేసే జిరిక్ అనే ఎర్రటి పుల్లటి గింజల్లాంటి పళ్ళు కూడా బావుంటాయి.

కుంకుమపువ్వు మాత్రం వద్దు. కుప్పలు పోసి చవగ్గా అమ్ముతున్నారంటే అది కుసుమ పువ్వే. తాండూరు, వికారాబాద్ వైపు కుసుమ పండించిన రైతులకి చూపిస్తే దూరం నుంచే చెప్పేస్తారు. అసలు కుంకుమపువ్వు దారం ఒక చివర బాకాలా విచ్చుకుని ఉంటుంది, నీళ్ళలో వేస్తే రంగు నెమ్మదిగా దిగుతుంది, కుసుమ రేకలు సన్నగా నలిగిన గడ్డిలా ఉంటాయి. నేను మొదటిసారి యాభై గ్రాములు కొని ఇంటికి తెచ్చా, మా అత్తయ్య డబ్బా మూత తీసి ఇది కుసుమ కదరా అంది. మోసం అని కూడా అనలేం, అక్కడ దాన్ని పులావ్‌కి రంగు కోసం వాడతారు, కానీ మన ఇంట్లో కావాల్సింది అది కాదు.

నడుస్తుంటే ఎవరో ఒకరు పొగ వస్తున్న మూకుడు పట్టుకుని కొట్టు కొట్టుకీ తిరుగుతూ కనిపిస్తారు. అది ఇసిరిక్ అనే మొక్క పొగ, దిష్టి పోవడానికి. మన పాత బజార్లలో సాంబ్రాణి పొగ వేస్తూ దుకాణాలు తిరిగే సాయిబులు గుర్తుకొస్తారు, మన వైపూ పొగ ఊదితే చిన్న నోటు ఇవ్వండి.

తిండి

పదకొండున్నరకల్లా తినేయండి, పులావ్ మధ్యాహ్నం తిండి, ఆలస్యమైతే అడుగు మిగులుతుంది. దాన్ని వాళ్ళు ఓష్ అంటారు. పసుపు రంగు క్యారెట్, ఉల్లిపాయ, మాంసం, బియ్యం, జిరా, అంతే, కారం ఉండదు. పక్కన టమాటా, ఉల్లిపాయ సలాడ్ తీసుకోండి, దానితో కలిపి తింటేనే అందం.

శాకాహారులకి కాస్త కష్టమే, కానీ అసాధ్యం కాదు. మన సమోసాకి పెద్దన్న లాంటి సోమ్సా తందూర్‌లో కాలుస్తారు, గుమ్మడికాయది, బంగాళాదుంపది దొరుకుతుంది. "గోష్త్‌సిజ్" అంటే మాంసం లేకుండా అని, గోష్త్ మనకి తెలిసిందే. అంతటితో ఆగకండి, గైడ్‌తో "దుంబా కొవ్వు వేశారా" అని అడిగించండి. దుంబా అంటే గొర్రె తోక దగ్గరి కొవ్వు, గుమ్మడికాయ సోమ్సాలో కూడా రుచికి వేస్తారు. ఇది అడగకుండా తినేసి తర్వాత బాధపడ్డవాళ్ళని చూశా.

టీ వచ్చాక పోసే తీరు గమనించండి. కప్పులో పోసి మళ్ళీ కెటిల్‌లోకి వంపుతారు, మూడుసార్లు, ఆ తర్వాతే ఇస్తారు. కప్పు నిండా పొయ్యరు. సగం పోస్తే ఇంకాసేపు కూర్చోమని, మళ్ళీ మళ్ళీ పోస్తామని. కాబట్టి కప్పులో సగమే ఉందని చిన్నబుచ్చుకోకండి.

బట్టలు, సామాన్లు

ఇక్కడ మన పోచంపల్లి కళ్ళు పనికొస్తాయి. వాళ్ళ అట్లాస్, అద్రాస్ బట్టలు కూడా ఇక్కత్తే, దారానికి ముడులేసి రంగులద్ది ఆ తర్వాత నేసేది, ఫర్గానా లోయలో మర్గిలాన్ దీనికి పేరున్న ఊరు. వాళ్ళు పడుగు (నిలువు) దారానికే రంగు వేస్తారు, మన పుట్టపాక తేలియా రుమాల్లో పడుగూ పేకా (అడ్డ దారం) రెండిటికీ వేస్తారు. డిజైన్ అంచులు మబ్బుల్లా చెదిరినట్టు ఉంటాయి, ఆ పనికి వాళ్ళు పెట్టిన పేరులోనే అబ్ర్, అంటే మబ్బు, ఉంది. అద్రాస్ గుడ్డని తిరగేసి చూడండి, వెనకవైపు కూడా అదే రంగు ఉంటే నేసింది, వెలిసినట్టు ఉంటే ప్రింట్. ఆ పని చేసే మన వాళ్ళ ఫోటో ఒకటి ఫోన్‌లో ఉంచుకుని చూపించండి, నేను పుట్టపాకలో తీసిన మగ్గం వీడియో చూపిస్తే పక్క కొట్ల నుంచి కూడా వచ్చి చూశారు, దాంతో బేరం సంగతే మర్చిపోయాం.

ఊయలలు అమ్మే వరస తప్పకుండా చూడండి, బెషిక్ అంటారు, రంగురంగుల చెక్క ఊయలలు, పక్కనే పెళ్ళికూతురికిచ్చే పెట్టెలు, సందిఖ్. మన సందుగే. బేరం ఇలాంటి చోట ఆడొచ్చు, నవ్వుతూ, చెప్పినదానికి పావు వంతు తగ్గించమని మొదలుపెట్టి. కూరలు, రొట్టెల దగ్గర గీచిగీచి బేరం ఆడకండి, అక్కడ ధరలు ఊరివాళ్ళకీ అవే. యాభై ఏళ్ళు దాటిన పాత వస్తువులు అనుమతి కాగితం లేకుండా దేశం దాటించకూడదు, యాంటిక్ అని ఎవరైనా ఊరిస్తే వద్దనండి.

రొట్టె చివర

రొట్టెల బట్టీలు గుమ్మటం పక్కనే ఉంటాయి, కానీ వెళ్ళేది ఆఖర్న, వేడివేడిగా కొని ఇంటికి పట్టుకుపోయేలా. తందూర్ లోపలికి సగం ఒళ్ళు వంచి పిండిని గోడకి కొడతారు, మధ్యలో చెకిచ్ అనే ముళ్ళ అచ్చుతో గుచ్చుతారు, ఆ భాగం పొంగకుండా అణిగి చుట్టూ అంచు మాత్రం ఉబ్బుతుంది. అచ్చు ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి, కొనుక్కోవచ్చు కూడా, చిన్న చెక్క పిడి, కింద ఇనుప ముళ్ళు, ఎవరి డిజైన్ వాళ్ళది.

నాతో మాట్లాడిన ఆవిడ కొడుకు రష్యాలో కట్టడం పనికి వెళ్ళాడట. ఇంట్లోంచి దూరం వెళ్ళేవాళ్ళు రొట్టె ఒక్క కొరుకు కొరికి వెళ్తారు, ఆ రొట్టెని గోడకి వేలాడదీసి, తిరిగొచ్చాక వాళ్ళతోనే మిగతాది తినిపిస్తారు. వాడి రొట్టె రెండేళ్ళుగా గోడకుంది, గట్టిపడి రాయిలా అయింది అని చెప్పింది. మా నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి కూడా ఎంతోమంది దుబాయ్, మస్కట్ వెళ్తారని గైడ్‌తో చెప్పించా. ఆవిడ, "మరి వాళ్ళమ్మలు ఏం దాచిపెడతారు?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు రాలేదు, కాసేపటికి, ఆవకాయ కట్టి పంపిస్తారు అన్నా. గైడ్‌కి ఆవకాయ అనువాదం చెయ్యడానికే రెండు నిమిషాలు పట్టింది.

రొట్టె చేతికి తీసుకున్నాక బోర్లా పెట్టకండి, ముఖం పైకే ఉండాలి, నేల మీద అసలు పెట్టకూడదు. కత్తితో కొయ్యకుండా చేత్తో తుంచాలి. వేడిగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ కవర్లో కడితే చెమట పట్టి మెత్తబడిపోతుంది, ఒక నూలు గుడ్డ తీసుకెళ్ళి అందులో చుట్టండి. మర్నాడు గట్టిపడితే నీళ్ళు చిలకరించి పెనం మీద మూతపెట్టి రెండు నిమిషాలు ఉంచండి, మెత్తగా అవుతుంది. గైడ్‌కి డబ్బులిచ్చేటప్పుడు రొట్టెల్లో ఒకటి ఆ అమ్మాయికీ ఇవ్వండి, రెండు చేతులతో, ముఖం పైకి ఉండేలా.